పేరు తెలియని ఫైలు

“టెర్మినల్ ఉండగా నీకు ఫైల్ మేనేజర్ ఎందుకురా?”

చెన్నై వేళచ్చేరిలో మేం ఆదివారాలు తినే ఆంధ్రా మెస్‌లో, కందిపొడిలో నెయ్యి వేసి కలుపుకుంటూ మా రూమ్మేట్ అడిగాడు. అడగడం కాదు, ఎగతాళి. వాడిది గుంటూరు, నాది గూడూరు దగ్గర పల్లెటూరు. ఇద్దరం ఇక్కడి ఐటీ కంపెనీల రోడ్డు ఓఎంఆర్ మీద వేరువేరు కంపెనీల్లో కోడు రాసుకుని బతుకుతున్నాం. వాడి స్క్రీన్ మీద పొద్దున్నించి రాత్రి దాకా కమాండ్లు టైప్ చేసి పని చేయించుకునే ఒక నల్ల టెర్మినల్, ఒక ఎడిటర్, అంతే. నా స్క్రీన్ మీద ఎప్పుడూ ఓ పక్కన, ఫోల్డర్లనీ ఫైళ్ళనీ జాబితాగా చూపించే ఫైల్ మేనేజర్ తెరిచి ఉంటుంది. అక్షరాలు వచ్చేశాక కూడా పలక మీద దిద్దుకునేవాణ్ణి చూసినట్టు చూస్తాడు నన్ను.

ఆ రోజు నోట్లో ముద్ద ఉండి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. తీరిగ్గా ఇక్కడ చెబుతున్నాను. వాడు చదవడని తెలుసు, అయినా సరే.

ఫైలు పేరు తెలిసి, అదెక్కడుందో తెలిస్తే టెర్మినల్‌ని మించింది లేదు. ఇందులో నాకు వాడితో గొడవేమీ లేదు. నాలుగు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతా పేరు అదే నింపుతుంది, పని అయిపోతుంది, మౌస్ పట్టుకుని ఫోల్డర్లలోకి దిగుతూ పోవడం దండగ. కానీ మన పనిలో సగం రోజు పేరు తెలియని ఫైళ్ళతోనే గడుస్తుంది. బిల్డ్ (రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం) అయ్యాక ఏ ఫోల్డర్‌లో ఏం పుట్టుకొచ్చింది? క్లయింట్ పంపిన జిప్‌లో ఏమున్నాయి? టెస్టర్ పంపిన ముప్పై స్క్రీన్‌షాట్లలో బటన్ పక్కకి జరిగిపోయిన బొమ్మ ఏది? రాత్రికి రాత్రి ఉబ్బిపోయిన లాగ్ (ప్రోగ్రామ్ తను చేసిన పనులు రాసుకునే ఫైలు) ఏది? వీటికి పేరు టైప్ చేయలేం. పేరే మనం వెతుకుతున్నది.

మందుల షాపుకి చీటీ పట్టుకుని వెళ్ళడం వేరు, కోయంబేడు మార్కెట్లో తిరిగి కూరగాయలు ఏరుకోవడం వేరు. టెర్మినల్ మందుల షాపు. చీటీలో రాసింది ఠక్కున చేతిలో పెడతారు, రాయనిది మాత్రం చూపించరు. కోయంబేడులో మనమే తిరగాలి, పట్టి చూడాలి, వాసన చూడాలి. ఫైల్ మేనేజర్ ఎంచుకునేటప్పుడు నేను అడిగేది ఆ ఒక్కటే: ఈ మార్కెట్లో గంపలన్నీ నా ముందు పెట్టారా, కొన్నిటి మీద గోనెపట్టా కప్పారా? ట్యాబులున్నాయా, థీములున్నాయా, ఐకన్లు అందంగా ఉన్నాయా అన్నవి ఆ తర్వాత.

గోనెపట్టా సంగతి నాకు ఊరికే తెలియలేదు.

మూడేళ్ళ కిందట మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌కి వెళ్ళి, రెండు గంటలు బేరమాడి, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ కొన్నాను. ఇంటికి తెచ్చి కొత్త డిస్క్‌లో లినక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకున్నాను. పాత డిస్క్ నుంచి ప్రాజెక్టులు ఒక్కొక్కటీ తెచ్చుకోవాలి. కొత్త డిస్క్‌లో అదే పేరుతో ఖాళీ ఫోల్డర్ ముందే చేసి పెట్టుకున్నాను కాబట్టి, పాత ఫోల్డర్ లోపలికి వెళ్ళి, కంట్రోల్+ఏ కొట్టి, కాపీ చేసి, కొత్తదాంట్లో పేస్ట్ చేశాను. అన్నీ వచ్చాయి. చూడటానికి అన్నీ వచ్చాయి. పాత డిస్క్ ఫార్మాట్ చేసి ఆ సాయంత్రమే మా తమ్ముడికి ఇచ్చేశాను.

మర్నాడు గిట్‌లో (కోడ్‌లో చేసిన మార్పులన్నీ గుర్తుపెట్టుకునే టూల్) స్టేటస్ అడిగితే ఇది గిట్ రిపోజిటరీయే కాదు పొమ్మంది. చుక్కతో మొదలయ్యే ఫైళ్ళని ఫైల్ మేనేజర్ చూపించడం లేదు. చూపించని వాటిని కంట్రోల్+ఏ ఎంచుకోదు. ఎంచుకోనిది కాపీ అవదు. పైనుంచి ఫోల్డర్ మొత్తాన్ని ఒకే ముక్కగా కాపీ చేసి ఉంటే, గిట్ చరిత్ర అంతా ఉండే డాట్ గిట్ ఫోల్డర్ కూడా దాంతోపాటే వచ్చేసేది. నేను లోపలికి దిగి విడివిడిగా తీసుకోవడంతో అది తలుపు బయట ఉండిపోయింది. డాట్ ఈఎన్‌వీ ఫైలూ అంతే, అందులో కీలు, పాస్‌వర్డులు. సర్వర్‌కి తోసిన బ్రాంచీలు మళ్ళీ తెచ్చుకున్నాను. తోయకుండా లోకల్‌గా ఉంచుకున్న మూడు వారాల పని పోయింది. ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి, “డిస్క్‌లో ఏమైనా ఎక్కించావా?” అంటే, “రెండు సినిమాలు అన్నా” అన్నాడు. ఇంకేం మాట్లాడను.

తప్పు నాదే, కాదనను. కానీ చుక్క పెట్టిన ఫైలు కనపడకుండా పోవడం అనేది ఎవరో కూర్చుని ఆలోచించి చేసిన ఏర్పాటు కాదని తర్వాత తెలిసి ఒళ్ళు మండింది. లినక్స్‌కి పూర్వీకుడైన యూనిక్స్ తొలి రోజుల్లో ప్రతి డైరెక్టరీలోనూ ఒంటి చుక్క, జంట చుక్క అనే రెండు ఎంట్రీలు ఉండేవి; ఒకటి ఆ డైరెక్టరీకే గుర్తు, రెండోది దాని పైదానికి. ఫైళ్ళ జాబితా చూపించే ఎల్ఎస్ కమాండ్ కొట్టిన ప్రతిసారీ ఆ రెండూ ఎందుకని, వాటిని దాటేయడానికి కోడ్‌లో ఒక అడ్డదారి తొక్కారు: పేరులో మొదటి అక్షరం చుక్క అయితే వదిలెయ్. రెండిటి కోసం రాసిన ఆ షరతు, చుక్కతో మొదలయ్యే ప్రతి పేరునీ మింగేసింది. యూనిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రాబ్ పైక్ ఈ కథ 2012లో రాశాడు. అప్పటి సోమరితనం తర్వాత ఆచారమైంది, ఆచారం ఫైల్ మేనేజర్లలోకి దిగింది, అక్కణ్ణించి నా మూడు వారాల పని మీదికి వచ్చింది.

అందుకే ఏ మెషీన్ మీద కూర్చున్నా నేను చేసే మొదటి పని దాచిన ఫైళ్ళు ఎప్పుడూ కనిపించేలా పెట్టడం. లినక్స్‌లో చాలావాటికి కంట్రోల్+హెచ్, మ్యాక్ ఫైండర్‌లో కమాండ్+షిఫ్ట్+చుక్క. కొన్ని ఈ సెట్టింగ్‌ని గుర్తుపెట్టుకుంటాయి, కొన్ని ఒక్కో ఫోల్డర్‌కి ఒక్కో రకంగా ఉంచుతాయి. ఆ రెండో రకం నాకొద్దు.

విండోస్ దాచేది ఇంకో రకం. అక్కడ మామూలుగా ఫైలు పేరు చివర, అది ఏ రకం ఫైలో చెప్పే ఎక్స్‌టెన్షన్ కనపడదు. 2000 మే నెలలో ప్రపంచాన్ని ఊపేసిన ‘ఐ లవ్ యూ’ వైరస్ సగం బతికింది దీని మీదే. ప్రేమలేఖ అని వచ్చిన ఫైలు పేరు డాట్ టీఎక్స్‌టీ దగ్గర ఆగినట్టు కనిపించేది, దాని వెనకాల ఉన్న డాట్ వీబీఎస్ కనిపించేది కాదు. ఉత్తరం అనుకుని తెరిస్తే స్క్రిప్టు నడిచేది. ఇది జరిగి పాతికేళ్ళు దాటింది. ఇవాళ కొత్త విండోస్ ల్యాప్‌టాప్ తెరిచినా ఎక్స్‌టెన్షన్లు దాచే ఉంటాయి. మా టీమ్‌లోకి కొత్తగా వచ్చిన కావలి అమ్మాయి మొన్న, “అన్నా, కాన్ఫిగ్ ఫైలు కరెక్ట్‌గానే పెట్టాను, ప్రోగ్రామ్ మాత్రం లేదంటోంది” అని గంటసేపు తల పట్టుకుంది. చూస్తే పేరు చివర డాట్ జేసన్, దాని వెనకాల కనపడకుండా డాట్ టీఎక్స్‌టీ. నోట్‌ప్యాడ్ అంటించి పోయింది. ఆ పిల్లకి ప్రోగ్రామింగ్ బాగానే వచ్చు. చూపించనిదాన్ని ఎవరు మాత్రం చూస్తారు?

సైజుల దగ్గర ఇంకో తమాషా. రిచీ స్ట్రీట్‌లో కొన్న ఆ 512 జీబీని, లినక్స్‌లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ వాళ్ళ ‘ఫైల్స్’ అనే ఫైల్ మేనేజర్ 512 అనే చూపిస్తుంది. వెయ్యితో భాగిస్తుంది కాబట్టి. విండోస్ 1024తో భాగించి 476 అంటుంది, కానీ పక్కన జీబీ అనే రాస్తుంది. లినక్స్‌లోనే ఇంకో డెస్క్‌టాప్ అయిన కేడీఈ వాళ్ళ ఫైల్ మేనేజర్ డాల్ఫిన్ కూడా 476 అనే అంటుంది, అయితే జీఐబీ (1024 లెక్క జీబీ) అని రాసి తాను ఏ లెక్క వాడిందో ఒప్పుకుంటుంది. ముగ్గురిలో ఇద్దరు నిజం చెబుతున్నారు. నడిమి వాడి మాట విని ఆ రోజు షాపు వాడితో కొట్లాటకి వెళ్ళబోయాను, రూమ్మేట్ ఆపాడు. ఇది వాడికి నేను పడ్డ బాకీ.

ఇక నేను నిజంగా ఎలా వాడతానో చెబుతాను. ఐకన్ల వ్యూ కోడ్ పనికి శుద్ధ దండగ. రెండు వందల ఫైళ్ళు ఒకే బొమ్మతో కనిపిస్తే కళ్ళకి దొరికేది ఏముంది? వివరాల జాబితా పెట్టి, మార్చిన టైమ్ ప్రకారం, కొత్తది పైకి వచ్చేలా పేర్చుకుంటాను. బిల్డ్ నడిపాక ఏ ఫైలు పైకి ఎగబాకిందో చూస్తే చాలు, సగం డీబగ్గింగ్ అక్కడే అయిపోతుంది. రాయాల్సిన ఫైలు రాయలేదని, రాయకూడనిది రాసిందని లాగ్ చదవకుండానే తెలుస్తుంది. దీనికి టైమ్ కచ్చితంగా కావాలి. కొన్ని ఫైల్ మేనేజర్లు ‘నిన్న’, ‘ఇందాక’ అని ముద్దు ముద్దుగా రాస్తాయి. అమ్మమ్మ కబుర్లకి సరిపోతుంది, నాకు గంట, నిమిషం కావాలి. సెట్టింగ్స్‌లో మార్చుకునే వీలుంటేనే అది నా దగ్గర నిలుస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గిట్ ఫైళ్ళ టైమ్‌ని దాచిపెట్టుకోదు. సర్వర్ నుంచి అప్పుడే క్లోన్ చేసి దింపుకున్న ప్రాజెక్టులో ప్రతి ఫైలూ ఈ నిమిషమే పుట్టినట్టు కనిపిస్తుంది. మొదటి రోజు టైమ్ వరస చూసి ఏదో తేల్చేద్దామనుకుంటే పప్పులో కాలేసినట్టే. రెండు మూడు రోజులు పని చేశాక మనం ముట్టుకున్నవి పైకి తేలతాయి, అప్పుడు పనికొస్తుంది.

ఫోల్డర్ సైజు కూడా చాలావాటిలో దొరకదు. ఫోల్డర్ ఎదురుగా ఎన్ని వస్తువులున్నాయో చెబుతాయి గానీ ఎంత బరువో చెప్పవు. జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు బయటి నుంచి తెచ్చుకున్న కోడ్ అంతా పడి ఉండే నోడ్ మాడ్యూల్స్ అనే ఫోల్డర్‌ని చూసినవాళ్ళకి ఈ బాధ అర్థమవుతుంది. చిన్న వెబ్ ప్రాజెక్టులో కూడా దాని లోపల పదుల వేల ఫైళ్ళు ఉంటాయి, బయట నుంచి చూస్తే ఒక్క అమాయకపు ఫోల్డర్. నేను దాన్ని చెత్తబుట్టలోకి వేసి మర్చిపోవడం అలవాటు చేసుకున్నాను. ఒకే డిస్క్‌లో ఉన్నంత వరకు చెత్తబుట్టలోకి వేయడం అంటే పేరు మార్చడమే, క్షణంలో అయిపోతుంది, కానీ జాగా మాత్రం ఖాళీ అవదు. ఒకరోజు డిస్క్ నిండిందని డేటాబేస్ ఆగిపోతే, హోమ్ డైరెక్టరీలో డాట్ లోకల్ కింద ఉన్న చెత్తబుట్టలో తొమ్మిది పాత నోడ్ మాడ్యూల్స్ పడి ఉన్నాయి. చుక్క పేరు ఫోల్డర్లో! దాచిన ఫైళ్ళు కనిపించేలా పెట్టుకోబట్టి దొరికాయి.

రూమ్మేట్ ఇక్కడ నవ్వుతాడు, ఫైళ్ళు చెరిపే వాడి ఆర్‌ఎమ్ కమాండ్‌కి చెత్తబుట్టే లేదు కాబట్టి. లేకపోవడం వల్ల వాడికేమైందో కూడా చెప్పాలి. పోయినేడాది ఒక రాత్రి, పేరుకీ నక్షత్రం గుర్తుకీ మధ్య ఒక ఖాళీ ఎక్కువ పడింది. నక్షత్రం ఒంటరిగా ఉంటే ‘ఇక్కడున్నవన్నీ’ అని అర్థం. ఆ ఖాళీ వల్ల డెమోకి పెట్టుకున్న ఫోల్డర్ మొత్తం ఊడ్చుకుపోయింది. తెల్లారి ఏడింటికి డెమో. ఆ రాత్రి టీ నేనే పెట్టి ఇచ్చాను, ఒక్క మాట అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

సరే, ఏది వాడాలి? లినక్స్ సంగతి ముందు చెబుతాను, అక్కడే ఎంపిక ఉంది కాబట్టి.

రెండు గదుల ఫైల్ మేనేజర్ అనే ఊహ పాతది. 1986లో, విండోస్‌కి ముందు తరం డాస్ మీద నార్టన్ కమాండర్ వచ్చింది, రాసింది జాన్ సోషా. నీలం తెర, ఎడమ ఒక గది, కుడి ఒక గది, కింద ఫంక్షన్ కీల వరస. ఎఫ్5 కొడితే ఈ గదిలోది ఆ గదికి కాపీ, ఎఫ్6 కొడితే తరలింపు, ఎఫ్8 తొలగింపు. నలభై ఏళ్ళ తర్వాత కూడా ఆ కీలు అవే. స్విట్జర్లాండ్‌కి చెందిన క్రిస్టియన్ గిస్లర్ 1993లో విండోస్ కమాండర్ అని మొదలుపెట్టి, విండోస్ అన్న మాట మైక్రోసాఫ్ట్ ట్రేడ్‌మార్క్ కావడంతో 2002లో టోటల్ కమాండర్ అని పేరు మార్చినా, కీలు మార్చలేదు. లినక్స్‌లో మిగ్వెల్ డి ఇకాజా 1994లో మిడ్‌నైట్ కమాండర్ మొదలుపెట్టాడు. అదీ అదే కుటుంబం, టెర్మినల్ లోపలే నడుస్తుంది.

తర్వాతి కథ నాకు భలే ఇష్టం. ఆ ఇకాజాయే 1997లో గ్నోమ్ ప్రాజెక్టు మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు. గ్నోమ్ తొలినాళ్ళ ఫైల్ మేనేజర్ ఆ మిడ్‌నైట్ కమాండర్‌కి గ్రాఫికల్ రూపమే. 2001లో ఈజెల్ అనే కంపెనీ నాటిలస్ అనే ఫైల్ మేనేజర్ తెచ్చింది. మొదటి మ్యాకింటోష్ చేసినవాళ్ళలో ఒకడైన ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ అందులో ఉన్నాడు. వెర్షన్ 1.0 వచ్చిన రెండు నెలలకే కంపెనీ మూతపడింది, నాటిలస్ మాత్రం గ్నోమ్‌లో బతికింది; ఇప్పటి ‘ఫైల్స్’ అదే. అదే నాటిలస్ నుంచి 2012లో, 3.6 వెర్షన్‌లో, ఎఫ్3 కొడితే తెరుచుకునే రెండో గదిని పీకేశారు. రెండు గదుల ఇల్లు కట్టిన మేస్త్రి మొదలుపెట్టిన వీధిలోనే గోడ కూల్చేశారన్నమాట. అదే వెర్షన్‌లో కీబోర్డ్ మీద ‘పి’ కొడితే ‘పి’తో మొదలయ్యే ఫైలు మీదికి దూకే సౌకర్యం కూడా పోయి, దాని బదులు కింది ఫోల్డర్లన్నిటినీ వెతకడం మొదలైంది. లినక్స్ మింట్ వాళ్ళు చిరాకుపడి పాత కోడ్‌ని చీల్చి నీమో అనే సొంత ఫైల్ మేనేజర్ చేసుకున్నారు.

గ్నోమ్ వాళ్ళని తిట్టడం నా ఉద్దేశం కాదు. ఫొటోలు, పీడీఎఫ్‌లు చూసుకునే మా నాన్నకి అదే పెట్టి ఇచ్చాను, హాయిగా వాడుకుంటున్నాడు. కానీ నాలాంటి వాడు పనిచేసే ఫోల్డర్‌లో ఒక అక్షరం కొట్టగానే పదివేల ఫైళ్ళ మీద వెతుకులాట మొదలైతే, నేను చూస్తున్న జాబితా నా కళ్ళ ముందే మాయమవుతుంది. మార్కెట్లో టమాటా గంప వైపు ఒక అడుగు వేయగానే దుకాణం మొత్తం సర్దేసి మళ్ళీ పరిచినట్టు.

నేను స్థిరపడింది డాల్ఫిన్ దగ్గర. 2008లో కేడీఈ 4తో అది అక్కడ మామూలు ఫైల్ మేనేజర్ అయింది. ఎఫ్3 కొడితే రెండు గదులు. ఎఫ్4 కొడితే కింద టెర్మినల్ తెరుచుకుంటుంది, నేను పైన ఏ ఫోల్డర్‌లోకి వెళ్తే అదీ అక్కడికే వస్తుంది, కింద సీడీ (ఫోల్డర్ మారే కమాండ్) కొట్టి ఎటు వెళ్తే పైన చూపు కూడా అటే తిరుగుతుంది. మా వాదనంతా ఈ ఒక్క కీతో తీరిపోతుందని నా నమ్మకం. పేరు తెలియనంత సేపు పైన చూస్తాను, తెలిసిన మరుక్షణం కింద టైప్ చేస్తాను. స్లాష్ కొడితే ఫిల్టర్ పట్టీ వస్తుంది. వెతకదు, ఉన్న జాబితాలోంచి అక్కర్లేనివి పక్కకి తీస్తుంది. గిట్‌కి ప్లగిన్ ఉంది, మార్చిన ఫైలు మీద గుర్తు పడుతుంది. లోపాలు లేవా అంటే ఉన్నాయి. సెట్టింగ్స్ పేజీలు పెళ్ళి మెనూ అంత ఉంటాయి. వెనకాల నడిచే బాలూ అనే ఇండెక్సింగ్ సర్వీస్ కోడ్ ఫోల్డర్ల మీద పడితే ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోత మొదలవుతుంది. అందులోంచి ప్రాజెక్టుల ఫోల్డర్‌ని మినహాయించుకోవాలి. పాత మెషీన్ అయితే థునార్ అనే ఫైల్ మేనేజర్ చాలు. తేలిగ్గా ఉంటుంది, ఒకేసారి వంద ఫైళ్ళకి పేర్లు మార్చడంలో దాని చెయ్యి చాలా మంచిది.

ఆఫీసులో విండోస్ ఇచ్చారు, మార్చుకునే స్వేచ్ఛ లేదు. దాని ఫైల్ మేనేజర్ ఎక్స్‌ప్లోరర్‌కి ట్యాబులు 2022లో గానీ రాలేదు. అందులో నాకు నచ్చేది ఒక్కటి: పైన అడ్రస్ పట్టీలో సీఎండీ అని కొడితే ఆ ఫోల్డర్‌లోనే కమాండ్ ప్రాంప్ట్ తెరుచుకుంటుంది. డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) వాడేవాళ్ళకి ఒక మాట. కోడ్ లినక్స్ వైపే పెట్టుకోండి. విండోస్ డిస్క్ మీద పెట్టి లినక్స్ వైపు నుంచి బిల్డ్ చేస్తే, ప్రతి ఫైలూ రెండు ఊళ్ళ మధ్య చెక్‌పోస్టు దాటాలి, వేల చిన్న ఫైళ్ళతో అది నరకం. మ్యాక్ గురించి నాకు చెప్పే అర్హత తక్కువ. ఫైండర్‌లో ఫైలుని కట్ చేయడం ఉండదని, కాపీ చేసి కమాండ్+ఆప్షన్+వీ కొడితే తరలుతుందని నేర్చుకోవడానికే నాకు వారం పట్టింది.

ఇంత పొగిడాక ఫైల్ మేనేజర్ నన్ను ముంచిన రోజు కూడా చెప్పకపోతే అన్యాయం.

2023 డిసెంబర్ మొదటి వారం, మిచాంగ్ తుపాను. మా వీధిలో మోకాళ్ళ లోతు నీళ్ళు, కరెంటు పోయి ఎప్పుడొస్తుందో తెలియదు. ల్యాప్‌టాప్‌లో మిగిలిన ఛార్జింగ్‌తో, ఫోన్ హాట్‌స్పాట్‌లో ఒక గీత సిగ్నల్‌తో, టెస్ట్ సర్వర్‌లో డిస్క్ నిండిందంటే పాత లాగ్స్ తీసేయడానికి కూర్చున్నాను. సర్వర్‌ని ఎస్‌ఎఫ్‌టీపీ (దూరపు మెషీన్ ఫైళ్ళని నెట్ మీద అందించే పద్ధతి) ద్వారా ఫైల్ మేనేజర్‌లో తెరిచాను. నెట్ నత్తనడక. కింది బాణం రెండుసార్లు కొట్టాను, తెర మీద కదల్లేదు, కదిలే ఉంటుందిలే అనుకుని డిలీట్ కొట్టాను. ఇక్కడ చెత్తబుట్ట లేదు, శాశ్వతంగా పోతుంది, సరేనా అని అడిగింది. ఇంట్లో రోజుకి పదిసార్లు నొక్కే ఎంటర్ కదా, వేలు దాని పాటికి అది నొక్కేసింది. పోయింది లాగ్స్ కాదు, టెస్టర్లు వారం పాటు తయారు చేసుకున్న డేటా. నీళ్ళు తగ్గాక ఆఫీసులో పడ్డ చీవాట్లు మీకెందుకు.

అప్పటి నుంచి దూరపు సర్వర్‌ని డెస్క్‌టాప్ ఫైల్ మేనేజర్‌లో తెరిస్తే చూడటానికే, చెరపడానికి కాదు. చెరపాలంటే ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు మెషీన్‌లో టెర్మినల్ తెరిచే దారి) ద్వారా లోపలికి వెళ్ళి, అక్కడ మిడ్‌నైట్ కమాండర్ నడుపుతాను. అది సర్వర్ మీదే నడుస్తుంది కాబట్టి నెట్ ఎంత నెమ్మదైనా, కొట్టిన కీలు కొట్టిన వరసలోనే అక్కడ పని చేస్తాయి. అంటే ఆ ఒక్క పనికి నేను టెర్మినల్‌లోకే వెళ్తున్నాను. రూమ్మేట్ దీన్ని తన గెలుపుగా లెక్కేసుకున్నాడు. వేసుకోనీ.

ఎందుకంటే పోయిన నెల వాడి ఓటమి నా కళ్ళారా చూశాను.

మేమిద్దరం, ఇంకో స్నేహితుడూ కలిసి సరదాకి ఒక చిన్న ఆప్ చేస్తున్నాం, రైలు స్టేషన్ల పేర్లు తెలుగులో పలికి వినిపించేది. ఒక్కో ఊరికి ఒక ఫోల్డర్, పేరు తెలుగులోనే, లోపల రికార్డింగులు. తెలుగు పేర్లు పెట్టేవాళ్ళకి ఒక సంగతి తెలిసి ఉండాలి. లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు కోడ్ (హల్లుకీ, గుణింతం గుర్తుకీ విడివిడిగా ఇచ్చే నంబరు) ఒక్కోదానికి మూడు. ‘స్త్రీ’ అని రాస్తే మనకి ఒకటే అక్షరం, లోపల ఆరు కోడ్‌లు, పద్దెనిమిది బైట్లు. మొత్తం మీద 85 కోడ్‌లకి మించి పట్టవు, ఒత్తులూ గుణింతాలూ కలిపి. విండోస్ డిస్క్‌ల ఫార్మాట్ ఎన్‌టీఎఫ్ఎస్ లెక్క వేరు, అక్కడ ఒక్కో తెలుగు కోడ్‌ని ఒకటిగానే లెక్కిస్తారు కాబట్టి 255 పడతాయి. విండోస్‌లో చక్కగా ఉన్న పొడుగాటి తెలుగు పేరు లినక్స్‌కి వచ్చేసరికి కాపీ అవనంటే కంగారు పడకండి.

మా సమస్య అది కాదు. స్నేహితుడు తన మ్యాక్‌కి తగిలించిన పాత హార్డ్ డిస్క్ నుంచి రికార్డింగులు నా లినక్స్ మెషీన్‌కి ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో పంపాడు. ఆ తర్వాత స్క్రిప్టు నడిపితే కొన్ని ఊళ్ళకి రికార్డింగులు లేవంది. రూమ్మేట్ కాలర్ ఎగరేసి టెర్మినల్ తెరిచాడు, సీడీ అని కొట్టి ‘చెన్నై’ అని టైప్ చేశాడు. వెళ్ళింది. లోపల పాతవి పన్నెండే ఉన్నాయి. “వాడు పంపలేదురా” అన్నాడు. నేను డాల్ఫిన్‌లో చూశాను. చెన్నై రెండు ఉన్నాయి. ఒకదాని కింద ఒకటి, అక్షరం పొల్లు పోకుండా ఒకే పేరు. ఒకదాంట్లో 12, ఇంకోదాంట్లో 40.

వాడు నమ్మలేదు. ట్యాబ్ రెండుసార్లు కొట్టాడు. టెర్మినల్‌లో తెలుగు గుణింతాలు విరిగిపోయి పడ్డాయి, రెండు పేర్లు వచ్చాయి గానీ వాటిలో ఏది ఏదో వాడికీ తెలియలేదు, నాకూ తెలియలేదు. మళ్ళీ టైప్ చేస్తే మళ్ళీ పన్నెండే. కీబోర్డ్ మీద ఎన్నిసార్లు కొట్టినా వాడు చేరేది మొదటి చెన్నైకే. రెండోదానికి వాడి దగ్గర చీటీ లేదు. నేను రెండోదాని మీద డబుల్ క్లిక్ చేశాను, తెరుచుకుంది.

జాబితా కిందికి దిగుతుంటే ముంబైకి జంట ఉంది. హైదరాబాద్‌కి ఉంది. మదురైకి ఉంది. విజయవాడ, నెల్లూరు, బెంగళూరు, తిరుపతి ఒక్కొక్కటే. రెండు నిమిషాలు చూస్తూ కూర్చుంటే తట్టింది: ఐత్వం ఉన్న ఊళ్ళకే కవలలు పుట్టాయి. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు, ఒకే గుర్తుగా, లేదా ఎత్వం గుర్తు పెట్టి దాని కింద ఇంకో చిన్న గుర్తుగా. చూపుకి రెండూ ఒకటే. మ్యాక్‌లో పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్క్ పేర్లని విడదీసి దాచుకుంటుంది, మన కీబోర్డ్ కలిపి రాస్తుంది. లినక్స్ బైట్లు చూస్తుంది తప్ప అక్షరాలు చూడదు, కాబట్టి దాని లెక్కలో అవి వేరువేరు ఊళ్ళు. జాబితా అంతా ఒకేసారి కళ్ళ ముందు ఉండబట్టి దొరికింది ఆ పోలిక. పేరు కొట్టి వెతికితే ఎప్పటికీ దొరకదు, ఎందుకంటే పేరు సరిగ్గానే ఉంది.

కన్వ్ఎంవీ అనే టూల్ పేర్లని కలిపి రాసే రూపంలోకి మారుస్తుంది గానీ, ఆ పేరుతో ఇంకో ఫోల్డర్ ముందే ఉంటే చేతులెత్తేస్తుంది. అందుకని ఎఫ్3 కొట్టి రెండు గదులు తెరిచి, ఈ చెన్నైలోవి ఆ చెన్నైలోకి లాగాను. ముంబై, హైదరాబాద్ కూడా అయ్యాయి. మదురై దగ్గర ఒక రికార్డింగ్ రెండు చోట్లా ఒకే పేరుతో ఉంది. రెండిటి టైమ్‌లు, సైజులు పక్కపక్కన పెట్టి ఏది ఉంచమంటావని అడిగింది. పాతది పెద్దది, కొత్తది చిన్నది.

“పెద్దది ఉంచరా” అన్నాడు రూమ్మేట్, కుర్చీ నా వైపు లాక్కుని.

“ముందు రెండూ వినాలి కదా” అని, కాన్సిల్ కొట్టి, హెడ్‌ఫోన్స్‌లో ఒకటి వాడికిచ్చాను.